గడియారాన్ని తొందరపెట్టిన తారీఖ్

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ. తారీఖ్ అంటే చరిత్ర కూడా. చిన్నప్పుడు ఉర్దూ మీడియం బడిలో తారీఖ్ పీరియడ్ అంటే నాకు నిద్ర. ఆ మాటకున్న రెండు అర్థాలూ ఒకేసారి నా నెత్తిన పడింది మాత్రం 2010 మే నెలలో.

అప్పటికి నేను తెలుగు డిగ్రీ అయిపోయి, ఒక పేపరుకు వార్తలు రాస్తున్న. లైన్ అకౌంట్ మీద బతుకు. దాంతో ఇల్లు గడవదు కాబట్టి పాల్వంచ దాటి భద్రాచలం పోయే రోడ్డు పక్కన, అడవి మొదలయ్యే చోట ఒక చిన్న డీటీపీ దుకాణం పెట్టుకున్న. పెండ్లి రుఖాలు, ఎలక్షన్ కరపత్రాలు, స్కూలు పిల్లల ప్రాజెక్టులు. ఆ ఏడాది చలికాలంలో మసీదు కమిటీ చాచా ఒకాయన పాత నోటుబుక్కు పట్టుకొని వచ్చాడు. ఖబ్రస్తాన్ రిజిస్టర్. ఎవరు ఏ రోజు ఇంతెకాల్ అయ్యారు, ఏ వరుసలో దఫన్ చేశారు, అన్నీ ఉర్దూలో, సిరా వెలిసిపోయి. "బేటా, మా పొట్టెగాళ్లకు ఉర్దూ చదవడం రాదు. తెలుగులో ఎక్కించు. ఈ కాగజ్ ఇంకో వానాకాలం చూడదు" అన్నాడు. నాలుగు వందల పైచిలుకు పేర్లు. పైసలు అడగలేదు నేను, ఆయన కూడా ఇస్తానని అనలేదు. మే నెలలో ఎక్కించి, ప్రింటు తీసి, కమిటీకి ఇచ్చిన.

పది రోజుల తర్వాత మణుగూరు నుంచి ఒక మనిషి వచ్చాడు. నాకన్నా పదేళ్లు పెద్ద. నా ప్రింటు కాగితాన్ని టేబుల్ మీద పెట్టి ఒక వరుస మీద వేలు ఆనించాడు.

"భాయ్, ఇది మా అబ్బా. ఇంతెకాల్ 1981ల. నువ్వు 1985 కొట్టినవ్. నన్ను 1983ల బడిల ఏసిండ్రు, యతీమ్ అని రాసి. ఇప్పుడు ఇల్లు పేరు మార్పిడి కాగితాలకు ఇది జత చేస్తె ఏమైతది? ఆఫీసుల ఆయన నన్నే ఝూటా అంటడు."

చాచా సందూకులోంచి నోటుబుక్కు తెప్పించి చూశాం. అందులో సాఫ్‌గా 1981 అనే ఉంది. గల్తీ నాదే అనుకొని మాఫీ అడిగిన, దిద్ది ఇచ్చిన. కాని రాత్రి నిద్ర పట్టలేదు. కీబోర్డు మీద 1 ఎక్కడ, 5 ఎక్కడ? మధ్యలో మూడు మీటలున్నాయి. పక్క మీట మీద వేలు జారితే 2 పడాలి. కంప్యూటర్ లోపల మాత్రం ఆ రెండు అంకెలూ ఇరుగుపొరుగే. అది ప్రతి అక్షరాన్నీ ఎనిమిది బిట్లుగా, అంటే ఎనిమిది సున్నాలూ ఒకట్లుగా దాచుకుంటుంది. 1 అనే అంకె 00110001. 5 అనే అంకె 00110101. రెండింటికీ తేడా ఒక్క బిట్టు.

అప్పుడు నాకు భయం మొదలైంది. ఎందుకంటే ఆ మెషీన్‌కు నేనొక పని చేసి ఉన్న.

అదేమిటో చెప్పాలంటే కొంచెం తారీఖ్ చెప్పాలి, రెండో అర్థంలో.

కంప్యూటర్ గుండెకాయ ప్రాసెసర్. దానికి తాళం వేసేది ఒక గడియారం. మన పెళ్లిళ్లలో బరాత్ ముందు మర్ఫా వాయిస్తారు కదా, ఆ దెబ్బకు అందరూ ఒకే అడుగు వేస్తారు. ప్రాసెసర్ లోపల కోట్ల ట్రాన్సిస్టర్లు ఆ గడియారం దెబ్బకే అడుగు వేస్తాయి. మర్ఫా వేగం పెంచితే ఆట జోరందుకుంటుంది. కుర్రాళ్లు అందుకుంటారు. మోకాళ్ల నొప్పులున్న మామూజాన్ ఒకాయన మాత్రం ఒక అడుగు ఆలస్యమైపోతాడు. చిప్‌లో కూడా అంతే, అన్నిటికన్నా నిదానమైన దారి ఒకటి ఉంటుంది. దాని మీది సిగ్నల్ చేరకముందే తర్వాతి దెబ్బ పడితే, ఒకటి ఉండాల్సిన చోట సున్నా, సున్నా ఉండాల్సిన చోట ఒకటి రాసుకుపోతుంది. మెషీన్ ఆగదు. గంట కొట్టదు. రాసుకుపోతుంది, అంతే.

కంపెనీ రాసిన వేగం కన్నా ఈ గడియారాన్ని జోరుగా కొట్టించడమే ఓవర్‌క్లాకింగ్. ఇది ఈనాటి షౌక్ కాదు. 1984లో ఐబీఎం వాళ్లు పీసీ ఏటీ అనే మెషీన్ తెచ్చారు, 6 మెగాహెర్ట్జ్‌ది. అందులో గడియారం అంటే చిన్న క్వార్ట్జ్ పలుకు. జనం దాన్ని పీకి ఎక్కువ వేగంది గుచ్చి 8 మెగాహెర్ట్జ్‌కు పరిగెత్తించారు. ఐబీఎంకు అది నచ్చలేదు. తర్వాత వచ్చిన ఏటీల్లో, మెషీన్ మొదలయ్యేటప్పుడే వేగం కొలిచి, హద్దు దాటితే ముందుకు పోనివ్వని ఏర్పాటు పెట్టింది. కంపెనీలకూ కొనేవాళ్లకూ మధ్య దోబూచులాట అక్కడ మొదలైంది. 1990ల మధ్యలో ఇంకో రకం మనుషులు దిగారు. తక్కువ వేగం పెంటియంల మీద రాతలు గీకేసి, ఎక్కువ వేగం అంకెలు అచ్చొత్తి అమ్మేవాళ్లు. అది షౌక్ కాదు, ధోకా. ఆ దొంగల వల్లే ఇంటెల్ తన చిప్‌ల గుణకానికి తాళం వేసింది.

గుణకం అంటే లెక్క సులువే. బోర్డు మీది గడియారం వేగాన్ని ఇంతతో గుణిస్తే ప్రాసెసర్ వేగం. గుణకానికి తాళం పడింది కాబట్టి జనం బోర్డు గడియారం మీద పడ్డారు. 1998 ఆగస్టులో వచ్చిన సెలెరాన్ 300ఏ ఈ కథలో హీరో. బోర్డు 66, గుణకం నాలుగున్నర, మొత్తం 300. బోర్డును 100కు పెంచితే 450. అదే నెలలో ఇంటెల్ అమ్మిన ఖరీదైన పెంటియం టూ వేగం కూడా 450. సెలెరాన్ ధర దాంట్లో నాలుగో వంతు కూడా లేదు. కొందరు ప్రాసెసర్ అంచున బీ21 అనే ఒక్క కాలు మీద టేపు ముక్క అంటించి బోర్డును నమ్మించేవారు. రెండేళ్లు తిరక్కముందే ఏఎండీ డ్యూరాన్ వచ్చింది. దాని తాళం తీయడానికి కావలసింది పెన్సిల్. చిప్ పైన తెగిన చిన్న చిన్న వంతెనల మీద గీత గీస్తే పెన్సిల్ ముల్లులోని గ్రాఫైట్ కరెంటును దాటిస్తుంది. పిల్లల కంపాసు బాక్సులోని పెన్సిల్‌తో అమెరికా కంపెనీ తాళం! ఈ ముచ్చట విన్నప్పుడు నేను ఖమ్మంలో డిగ్రీ విద్యార్థిని, ముట్టుకోవడానికి కంప్యూటర్ కూడా లేదు.

ఆ సెలెరాన్ కథలో ఎవరూ చెప్పని ఒక సంగతి ఉంది. 66 నుంచి 83కు పెంచినవాళ్లకు ఫైళ్లు పాడయ్యేవి. ఏకంగా 100కు పెంచినవాళ్లకు బాగానే నడిచేది. వింతగా లేదూ? కారణం ఏంటంటే, హార్డ్ డిస్కు దగ్గరికి పోయే పీసీఐ దారి కూడా ఆ బోర్డు గడియారంతోనే నడిచేది, భాగహారం మీద. దాని హద్దు 33. బోర్డు 66 అయితే రెండుతో భాగించి 33. 100 అయితే మూడుతో భాగించి 33. మధ్యలో 83 పెడితే రెండుతోనే భాగించి 41 దాటిపోయేది. ప్రాసెసర్ తట్టుకున్నా పక్కనున్నది తట్టుకోలేదు. స్థిరత్వం అంటే ప్రాసెసర్ ఒక్కదాని తాకత్ కాదని నాకు అక్కడే తెలిసి ఉండాల్సింది.

సరే, నా మెషీన్. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి పాత సామాను ఏరుకొని వచ్చిన సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్. లోపల పెంటియం డ్యూయల్ కోర్ ఈ2160. బోర్డు గడియారం 200, గుణకం 9, వేగం 1.8 గిగాహెర్ట్జ్. 2007లో వచ్చిన చవక చిప్, కాని కోర్ 2 డ్యుయో ఖాందాన్‌దే. అదే మట్టి, అదే పొయ్యి. ఒకే రకం చిప్‌లను పరీక్షించి వేగం ప్రకారం వేరుచేసి అమ్ముతారు. చవక రకానికి గిరాకీ ఎక్కువైనప్పుడు గట్టి చిప్‌లకు కూడా చవక ముద్ర పడుతుంది. దానికి తోడు, ఎంత వేడిలో, ఎంత పాడు కరెంటులో నడిపినా తప్పు చేయకూడదని కంపెనీ కొంత జాగా వదిలి అంకె రాస్తుంది. ఓవర్‌క్లాకింగ్ చేసేవాడు తింటున్నది ఆ జాగానే. ముఫ్త్‌గా వచ్చింది అనుకుంటాడు.

నాకు దుకాణంలో ఫోటోషాప్ నడవాలి, ఉర్దూ రుఖాలకు ఇన్‌పేజ్ నడవాలి, తెలుగుకు పేజ్‌మేకర్. ఫ్లెక్సీ ఫైలు తెరిస్తే చాయ్ తాగి వచ్చేదాకా గిరగిర తిరిగేది. జనవరిలో ఒక రాత్రి బయోస్‌లోకి పోయిన. 200ను 266 చేసిన. 2.4 గిగాహెర్ట్జ్. ఏ గొడవా లేదు, వోల్టేజి ముట్టుకోనే లేదు. అక్కడ ఆగి ఉంటే ఈ వ్యాసమే లేదు. 333 చేసిన. 3 గిగాహెర్ట్జ్. విండోస్ తెరుచుకోలేదు. వోల్టేజి 1.25 నుంచి మెల్లమెల్లగా 1.4కు పెంచిన. తెరుచుకుంది. నేను ఆ రాత్రి బాద్షాను.

మరి పరీక్ష చేయలేదా అంటే, చేసిన. దానికోసం ప్రపంచమంతా వాడే ప్రోగ్రాం ప్రైమ్95. మెర్సెన్ ప్రధాన సంఖ్యలనే మహా పెద్ద అంకెల్ని వెతకడానికి 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన పని అది. వేలమంది తమ ఇంటి కంప్యూటర్లను ఆ వెతుకులాటకు ఇచ్చారు. వారాల తరబడి సాగే గుణకారాల్లో ఒక్క బిట్టు తప్పినా మెహనత్ అంతా మట్టే. అందుకని జవాబు ముందే తెలిసిన లెక్కలు ఇచ్చి మెషీన్‌ను పరీక్షించే ఏర్పాటు అందులో పెట్టారు. తప్పు జవాబు వస్తే ఆపి చెప్పేస్తుంది. నేను జనవరి రాత్రి పదింటికి పెట్టి పడుకున్న. పొద్దున లేచి చూస్తే ఎనిమిది గంటలు, ఒక్క తప్పు లేదు. అల్‌హమ్దులిల్లా అనుకొని పని మొదలుపెట్టిన.

జనవరి రాత్రి. ఆ రెండు మాటల్లోనే ఉంది నా జహాలత్ అంతా.

మన దగ్గర జనవరి రాత్రి అడవి అంచున స్వెట్టర్ లేకుండా కూర్చోలేం. మేలో కొత్తగూడెం, ఖమ్మం, భద్రాచలం ఎట్లా కాలుతాయో మీకు చెప్పాల్నా? బయట 45 దాటితే, రేకుల కప్పు కింద నా దుకాణం లోపల 42. ఫ్యాన్ ఎంత తిప్పినా గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది. గదికన్నా చల్లగా చిప్‌ను ఏ ఫ్యానూ ఉంచలేదు. జనవరిలో గది 20 ఉంటే, మేలో 42. చిప్ అదే పని చేసినా, ఆ 22 డిగ్రీలూ నేరుగా దాని మీద కూర్చున్నాయి.

ఇంకో లెక్క చూడండి. చిప్ పనిచేస్తే పుట్టే వేడి, వేగాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజిని బట్టి మాత్రం వర్గంలో పెరుగుతుంది. నేను వేగాన్ని 1.8 నుంచి 3కు తెచ్చిన, అంటే 1.67 రెట్లు. వోల్టేజి 1.25 నుంచి 1.4, దాని వర్గం 1.25 రెట్లు. రెండూ గుణిస్తే రెండింతలు దాటింది. డబ్బాతోపాటు వచ్చిన అదే చిన్న అల్యూమినియం రేకుల కూలర్ మీద, మణుగూరు బొగ్గు లారీల నల్ల దుమ్ము పొరలు పొరలుగా పట్టిన ఫ్యాను కింద. వేడెక్కిన ట్రాన్సిస్టర్ నిదానిస్తుంది. మామూజాన్ మోకాలు ఇంకా బిగుసుకుంటుంది. మర్ఫా మాత్రం తగ్గదు.

కరెంటు సంగతి సరే సరి. సాయంత్రం మోటార్లన్నీ ఆన్ అయ్యేసరికి బల్బులు మిణుగురులయ్యేవి. బొగ్గు మన జిల్లాది, వెలుగు ఎవరిదో! పాత పవర్ సప్లై ఆ వోల్టేజి మీద ఎంత నిలకడగా ఇస్తుందో అల్లాకే తెలుసు. బోర్డు మీద కెపాసిటర్లు రెండు తల ఉబ్బి ఉన్నాయి, అది కూడా తర్వాతే చూసిన. 2000 తర్వాత కొన్నేళ్లపాటు తయారైన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు ఇలా ఉబ్బి పగలడం ప్రపంచమంతా నడిచిన జబ్బు. పాత డెస్క్‌టాప్ కొన్నవాళ్లు మూత తీసి మొదట చూడాల్సింది వాటి నెత్తినే.

భద్రాచలంలో గోదావరికి మూడు హెచ్చరికలుంటాయి. 43 అడుగులకు మొదటిది, 48కి రెండోది, 53కు మూడోది. 1986లో నది 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో 71.3. ప్రాసెసర్‌కు కూడా లోపల ఒక కొలబద్ద ఉంది. హద్దు దాటితే తానే వేగం తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే మెషీన్ కట్టేస్తుంది. నేను దాని మీదే భరోసా పెట్టుకున్న. కాలిపోయేంత వేడైతే అదే ఆగుతుందిలే అని. కాని ఆ కొలబద్ద చిప్ ప్రాణం కాపాడటానికి. కంపెనీ చెప్పిన వేగంలో నడిచినప్పుడే ఆ హద్దుకు అర్థం. నేను వేగం పెంచిన తర్వాత తప్పులు మొదలయ్యే చోటు దానికన్నా చాలా కిందికి జారింది. నది మొదటి హెచ్చరికకు రాకముందే వాగు పొంగి దారి తెగినట్టు.

ఆ మణుగూరు భాయ్ వచ్చిపోయిన మర్నాడు, మధ్యాహ్నం రెండింటికి, దుకాణం షట్టరు సగం దించి ప్రైమ్95 పెట్టిన. నాలుగో నిమిషంలో తప్పు చూపించి ఆగింది. మళ్లీ పెట్టిన. ఆరో నిమిషం. 2.4కు దించి, వోల్టేజి మామూలుకు తెచ్చి, ఫ్యాను దుమ్ము దులిపి, ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాసి పెట్టిన. సాయంత్రం దాకా నడిచింది. ఆ మే, జూన్ మాత్రం 1.8లోనే ఉంచిన, కంపెనీవాడు ఇచ్చినట్టే. ర్యామ్‌ను మెమ్‌టెస్ట్‌తో ఒక రాత్రంతా వేరుగా పరీక్షించిన. ఈ పరీక్ష సంగతి చాలామంది వదిలేస్తారు. బోర్డు గడియారం పెంచితే ర్యామ్ కూడా దాంతోపాటు పరిగెత్తుతుంది. విడిగా నిష్పత్తి సరిచేయకపోతే ప్రాసెసర్‌కు ముందే అదే తడబడుతుంది.

ఏడాది తర్వాత, 2011లో, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు దాదాపు పది లక్షల మామూలు పీసీలు పంపిన క్రాష్ నివేదికలు పరిశీలించి ఒక పత్రం వేశారు. కొంచెం ఓవర్‌క్లాక్ చేసినా మెషీన్ నమ్మకం బాగా పడిపోతోందని తేల్చారు. నన్ను పట్టి కుదిపింది అది కాదు. రాసిన వేగం కన్నా కొంచెం తక్కువకు నడిపిన మెషీన్లు, రాసిన వేగంలో నడిచేవాటికన్నా తక్కువసార్లు చెడిపోయాయట. మన ఎండలకు ఈ మాట రాసి గోడకు అంటించుకోవచ్చు.

అదే 2011 జనవరిలో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ తెచ్చింది. బోర్డు గడియారంతో అన్నిటినీ కట్టిపడేసింది కాబట్టి అటువైపు దారి దాదాపు మూసుకుపోయింది. పేరు చివర కే అక్షరం ఉన్న ఖరీదైన చిప్‌లకే గుణకం తాళం తీసి ఇచ్చింది. గరీబోడు దొంగచాటుగా తెచ్చుకున్న వేగాన్ని అమీరోడికి దుకాణంలో పెట్టి అమ్మారన్నమాట. అంతకు ముందు నుంచే చిప్‌లు, వేడికీ కరెంటుకూ జాగా ఉన్నప్పుడు తమంతట తామే కాసేపు వేగం పెంచుకోవడం నేర్చుకున్నాయి. టర్బో బూస్ట్ అంటారు. మనం జనవరి రాత్రి చూసి మే మధ్యాహ్నానికి వేసే అంచనాను అవి క్షణక్షణం చూసి వేసుకుంటాయి. ఇక షౌకీన్లు మిగిలింది రికార్డుల కోసమే. 2011 ఆగస్టులో ద్రవ హీలియం పోసి ఒక ఏఎండీ చిప్‌ను 8.4 గిగాహెర్ట్జ్ దాటించారు. మన దగ్గర కూలర్‌లో పోయడానికే నీళ్లుండవు మేలో.

ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, పిల్లల చదువుకు పాత డెస్క్‌టాప్ తెచ్చాం భాయ్, జోరు పెంచొచ్చా అని. ఆ పైసలతో ఎస్ఎస్‌డీ వేయించండి, ర్యామ్ రెట్టింపు చేయండి, దుమ్ము దులపండి అంటాను. పాత మెషీన్ నత్తలా నడవడానికి పదిలో ఎనిమిదిసార్లు హార్డ్ డిస్కే కారణం, ప్రాసెసర్ కాదు. అయినా షౌక్ ఆగకపోతే, ఒక్కో మెట్టే ఎక్కండి. వోల్టేజి ముట్టకుండా ఎక్కగలిగినంత ఎక్కి, అక్కడి నుంచి ఒక మెట్టు దిగండి. పరీక్ష మేలో మధ్యాహ్నం పెట్టండి. ఇంట్లో వాళ్ల కాగితాలు, ఫోటోలు వేరే చోట ఒక నకలు ఉంచండి, ముందే.

ఇక రిజిస్టర్. ఒక తప్పు దొరికిందంటే ఇంకెన్ని ఉన్నాయో? జూన్‌లో మొదటి వాన పడ్డాక చాచాను బతిమాలుకొని నోటుబుక్కు మళ్లీ తెప్పించిన. అసర్ నమాజ్ అయ్యాక రోజూ దుకాణానికి వచ్చి కూర్చునేవాడు. ఆయన ఉర్దూలో ఒక్కో పేరు, తారీఖ్ చదివేవాడు, నేను తెలుగు ప్రింటులో వేలు పెట్టి సరిచూసేవాణ్ని. పని నిదానంగా సాగేది. పేరు చదివి ఆగేవాడు కదా, ఎవరెట్లా పోయారో చెప్పేవాడు. ఈయన గోదావరిలో పడవ మునిగి. ఈమె కాన్పులో, పక్కనే బిడ్డ. ఈయన బొగ్గు బాయిల. పన్నెండు సాయంత్రాలు పట్టింది.

ఇంకా మూడు తప్పులు దొరికాయి. ఒకటి పేరులో వత్తు పోయింది, అది నా తొందర. ఒకటి వరుస నంబర్ రెండుసార్లు పడింది, అది కూడా నేనే. మూడోది మళ్లీ సంవత్సరమే. నోటుబుక్కులో 1970, నా కాగితంలో 1978. సున్నాకూ ఎనిమిదికీ తేడా కూడా ఒక్క బిట్టే. కాని ఎనిమిదీ సున్నా కీబోర్డు మీద దగ్గర దగ్గరే, మధ్యలో ఒక్క తొమ్మిది. వెలిసిన సిరాలో ఉర్దూ అంకెలు కూడా కళ్లను మోసం చేయగలవు. చాచా కళ్లద్దాలు తీసి నా వైపు చూశాడు.

"ఏ తేరీ గల్తీ హై యా ఇస్ డబ్బే కీ?"

నాకు తెలియదని చెప్పిన. దిద్దుకో అని తర్వాతి పేరు చదివాడు.